విప్పి బిగించిన జడ

ఇంట్లో ఆడమనిషి లేకుండా పిల్లలు పెరగరని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మరీ పాతకాలమేమీ కాదు, ఆరేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై రెండేళ్ల మూడు నెలలు (వయసు దగ్గర కూడా నేను చిల్లర వదిలిపెట్టను). మా చెల్లెలి కొడుకు కొత్తకోట హైవే మీద లారీ మెకానిక్కు. వాడి అక్కా బావా బండి మీద పోతూ ప్రమాదంలో చనిపోతే, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు వాడి ఇంటికి చేరారు. ఆ ఇంట్లో ఉండేది వాడు, డాబా హోటల్లో వంట చేసే అతను. పెళ్లెందుకు వద్దురా అని ఒకప్పుడు నిలదీస్తే, "నా మనసు ఆడోళ్ల మీదికి పోదు పెద్దమ్మా. ఈయనే నా మనిషి" అన్నాడు. సూటి జవాబు కాబట్టి మళ్లీ అడగలేదు. పిల్లలు అతన్ని వంటమామ అనేవారు. పిల్లల పెంపకం ఇద్దరికీ బొత్తిగా తెలియదు. ఒకరు బడి టిఫిన్ డబ్బాలో లారీ డ్రైవరు తినేంత అన్నం కుక్కితే, ఇంకొకరు యూనిఫాం మీది సిరా మరకను డీజిలుతో తుడిచేవారు.

నేను గద్వాల నుంచి వెళ్లేసరికి తొమ్మిదేళ్ల పెద్దపిల్ల తల గోక్కుంటూ కూర్చుంది. ఆ జడ వాళ్లమ్మ పోయిన రోజు పొద్దున అల్లినది. నెల దాటినా ఎవరినీ విప్పనివ్వలేదు. పేలు పట్టాయని బడివాళ్లు ఇంటికి పంపేశారు. "నిద్రపోయాక కత్తిరించండి, పీడ పోతుంది" అని సలహా ఇచ్చిన మహానుభావురాలిని నేనే.

"కత్తెర పెడితే ఇగ జన్మల నన్ను నమ్మదు పెద్దమ్మా" అన్నాడు వాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "బిడ్డా, ఇంజన్ ఇప్పేటప్పుడు మామ ఏం చేస్తడు?" అని అడిగాడు.

"ఫోటోలు తీస్తవు."

"ఎందుకు?"

"మల్ల గట్లనే బిగించనీకి."

"మరి జడ గూడ గట్లనే చేస్తే?"

పిల్ల జడ కొసను గుప్పిట్లో పట్టుకుంది. "ఒక్క పిన్ను గూడ అటీటు కావొద్దు."

వాకిట్లో తెల్లగుడ్డ పరిచారు. వాడు ఒక్కో పాయ విప్పుతుంటే వంటమామ ఫోటోలు తీశాడు. రిబ్బను, పిన్నులు వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చారు. తలంటి, పేల దువ్వెనతో దువ్వే పని నాకిచ్చారు. ("జర మెల్లగ పెద్దమ్మా, లారీ కడుగుతలేవు" అని నాకే చెప్పాడు!) తల ఆరాక, చివరి ఫోటో నుంచి మొదటిదాకా చూసుకుంటూ అల్లడం మొదలుపెట్టారు.

"ఎడమ పాయ మీదికి" అన్నాడు వంటమామ, ఫోను చూస్తూ.

"నీ ఎడమనా, దాని ఎడమనా?"

మూడుసార్లు తప్పి, నాలుగోసారికి జడ నిలిచింది. గుడ్డ మీద మాత్రం ఒక పిన్ను మిగిలింది.

వాడు రిబ్బను ముడి మీద చెయ్యి వేశాడు. "మల్ల ఇప్పుత బిడ్డా" అన్నాడు. పిల్ల ఆ పిన్ను చేతిలోకి తీసుకుంది. "అమ్మకు గూడ ఎప్పుడు ఒకటి మిగులుతుండె మామా. పండ్ల నడుమ పెట్టుకొని మర్సిపోతుండె" అంటూ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, అమ్మ పోయాక మొదటిసారి, ఏడ్చింది. మామ గ్రీజు చొక్కా తడిసేదాకా ఏడ్చింది. చిన్నది వచ్చి, "రేపు నాకు గూడ ఎయ్యాలె" అంది.

ఇప్పుడు వాడికి ఫోటోలు అక్కర్లేదు. నేను వెళ్లినప్పుడల్లా, "కూసో పెద్దమ్మా" అని నా నాలుగు తెల్లవెంట్రుకలనూ అల్లుతాడు. జడ కాస్త కుడికి వాలుతుంది. సరిచెయ్యమని నోటిదాకా వచ్చిన మాట మింగేసి, నవ్వుకుంటూ కళ్లు మూసుకుంటాను. మా అమ్మ నాకు చివరిసారి జడ వేసింది ఎప్పుడా అని ఆలోచిస్తాను. అన్ని తేదీలూ గుర్తున్న నా దగ్గర ఆ ఒక్కటీ లేదు.