పోలిరాజు స్మారక కబడ్డీ పోటీలు

తాను చచ్చిపోయిన సంగతి పోలిరాజుకి మల్కాపురం మార్కెట్ దగ్గర బస్సు దిగాక తెలిసింది.

పంతొమ్మిది వందల తొంభై ఏడు, మార్చి నెల. అప్పట్లో అతను ఒక కాంట్రాక్టరు బార్జి మీద ఖలాసీ. ఫిబ్రవరిలో లాగే తాడు తెగి, ఇంజను లేని ఆ బార్జి అతన్నీ ఇంకో ముసలాయన్నీ పట్టుకుని సముద్రంలోకి కొట్టుకుపోయింది. పంతొమ్మిది రోజులకి ఒడిశా వైపు జాలర్లు ఒడ్డుకి చేర్చారు. కబురు ఇంటికి చేరేలోగా మనిషే వచ్చేశాడు.

బస్సు దిగి నాలుగడుగులు వేశాడో లేదో చేతిలో ఎవరో కాగితం పెట్టారు. పెట్టినవాడు కొండలరావు, పోలిరాజు ఆడే కబడ్డీ జట్టుకి కెప్టెన్. మొహాలు చూడకుండా పంచుకుంటూ పోతున్నాడు.

"ఆదివారం తప్పకుండా రావాల బావా."

కాగితం మీద పోలిరాజు బొమ్మ. దాని కింద 'కీర్తిశేషులు పోలిరాజు స్మారక కబడ్డీ పోటీలు. మార్చి 16, ఆదివారం, సాయంత్రం 4 గంటలకు. స్థలం: కాలనీ గ్రౌండు.'

"ఒరే కొండలా, నాను బతికే ఉన్నాన్రా."

కొండలరావు తలెత్తాడు. చేతిలో కాగితాలు జారి రోడ్డు మీద పడ్డాయి. "మరి ఐదొందలు కొట్టించీసినాం కదరా," అన్నాడు.

ఈ వైపు ఇది మామూలే. జట్టులో కుర్రాడు పోతే వాడి పేరు మీద పోటీలు పెడతారు, కప్పు మీద పేరు చెక్కిస్తారు. పోలిరాజు పోటీలు ఎలాగూ ఆగిపోయాయి. కానీ పంచేసిన కాగితాన్ని ఎవడు ఆపగలడు? నెల తర్వాత బజ్జీలు చుట్టిన కాగితంలోంచి తన మొహమే నూనె కారుతూ తనని చూసింది. ఆ రోజే తీర్మానించుకున్నాడు. ఐదు వందలూ వెనక్కి తేవాలి.

పంచనివి మూడు వందల ఎనభై కొండలరావు ఇంట్లోనే దొరికాయి. మిగతావి గోడల మీంచి నీళ్ళు జల్లి ఊడదీశాడు. పిల్లల నోటుపుస్తకాల అట్టలు విప్పించాడు. మంగలి షాపు అద్దం వెనక ఒకటి, పాత పేపర్ల కొట్లో మూడు. వెతుకులాటలో వేరేవీ చేతికి తగిలాయి: వాలీబాల్ పోటీల టిక్కెట్లు, చెమట మరకల స్కోరు కాగితాలు, ఆటగాళ్ళు వీపుకి పెట్టుకునే, తుప్పు పిన్నీసులతో ఉన్న గుడ్డ నంబర్లు, నిజంగానే పోయిన కుర్రాళ్ళ స్మారక కరపత్రాలు. పారేయడానికి చెయ్యి రాక అవీ దాచాడు. మూడు ట్రంకు పెట్టెలు నిండాయి. ఎవరో విలేకరి వచ్చి 'ఆటల జ్ఞాపకాల భాండాగారం' అని ఫొటోతో సహా రాశాడు. అందరూ అదో సరదా అనుకున్నారు. అతను వెతికింది మాత్రం తన కాగితాల కోసమే. పదిహేనేళ్ళు తిరిగేసరికి నాలుగు వందల తొంభై తొమ్మిది చేరాయి. ఒక్కటి దొరకలేదు.

ఆ ఒక్కటీ అతన్ని నిద్రపోనివ్వకపోవడానికి కారణం ఉంది. కరపత్రం మీద తేదీ ఉంటుంది, వారం ఉంటుంది, సంవత్సరం ఉండదు. వారం రోజులు బతికే కాగితానికి సంవత్సరం ఎందుకని ఎవడూ వేయించడు. అంటే మార్చి పదహారు ఏ ఏడాది ఆదివారం వచ్చినా ఆ కాగితం ప్రకారం పోటీలు ఉన్నట్టే.

రెండు వేల మూడులో అలా వచ్చింది. సాయంత్రం నాలుగింటికి గ్రౌండు పక్కనుంచి వెళుతుంటే నడిమధ్య నుంచి కూత వినపడింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. మనిషి లేడు. అడుగుల చప్పుడు లేదు. ఎంత మొనగాడైనా నిమిషం తిరక్కుండా ఊపిరి తీసుకోవాల్సిందే. ఆ కూత పావుగంట తెగలేదు. చివర్లో చిన్న జీర. అది పోలిరాజు గొంతులో జీరే.

రెండు వేల ఎనిమిది నాటికి గ్రౌండు చుట్టూ గోడ కట్టి ఆయిల్ ట్యాంకర్లు నిలిపారు. కూత ఆ గోడ దాకా వచ్చింది. రెండు వేల పధ్నాలుగులో గోడ దాటి, తమ సందు మొదట్లో కుళాయి దగ్గర వినపడింది. తర్వాత మళ్ళీ రెండు వేల ఇరవై ఐదు. ఈసారి ఇంటికే వస్తుందని పోలిరాజుకి తెలుసు. ఆలోగా ఆ ఒక్కటీ దొరకాలి, ఐదు వందలూ కాల్చేయాలి. అప్పుడే పోటీలు నిజంగా రద్దు.

ఆ ఆదివారం పొద్దున్నే మూడు పెట్టెలూ మళ్ళీ బోర్లించాడు. భార్య గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి చూసి చూసి లోపలికెళ్ళింది. తన చీరల పెట్టె అడుగు నుంచి మడత పెట్టిన కాగితం తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఇదేనేటి మావా?"

పోలిరాజు మడత విప్పి చూశాడు. "ఇరవై ఎనిమిదేళ్ళే! ఊరంతా ఎతికీసినాను. నీకు తెల్దేటి?"

"తెలుసు. ఊరందర్నీ అడిగినావు గాని నన్నడిగినావేటి?"

"ఎందుకు దాసినావు?"

"మన పెళ్ళి ఫొటోల రీలు పాడైపోనాది కదా. నీ బొమ్మ అంటూ నా కాడ ఏదుంది? కొండలన్న మొదటి కాయితం నాకే తెచ్చిచ్చినాడు. నువ్వొచ్చీదాకా తలకింద ఎట్టుకుని పడుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాల్సుకుంటే కాల్సుకో. మనిషివి ఎదర కూకున్నావు, నాకింక కాయితమెందుకు?"

నాలుగింటికి పెరట్లో ఇనప బాణలిలో మంట వేశాడు. మొదటి కట్ట అంటుకోగానే ప్రహరీ అవతల నుంచి కూత మొదలైంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు. పోలిరాజు ఆగలేదు. రెండో కట్ట, మూడో కట్ట. కట్ట పడ్డప్పుడల్లా కూత సన్నబడుతోంది. నాలుగు వందల తొంభై తొమ్మిదీ బూడిదయ్యేసరికి అది ఈడుస్తోంది, ఎగశ్వాసలా.

గౌరి దాచిన కాగితం మంట మీదికి చాపాడు. అంచు నల్లబడింది. అవతల కూత తడబడింది. అదే క్షణం అతని గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది.

పోలిరాజు కూతకి వెళ్ళిన మనిషి. అవతలి కోర్టులో ఉండగా కూత తెగితే ఏమవుతుందో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఇన్నేళ్ళూ ఆ కూత తనని పిలవడానికి వస్తోందనుకున్నాడు. అది తన ప్రాణం నిలపడానికే తెగకుండా ఆడుతోందని తోచనే లేదు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అరచేత్తో అంచు నలిపి నిప్పు ఆర్పాడు. కూత నెమ్మదిగా పుంజుకుంది. ఛాతీ మీద బరువు దిగింది.

గౌరీశ్వరి చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది. గోడ వైపు చెవి పెట్టింది.

"ఎవుడు మావా ఆ కుర్రోడు? ఇందాకట్నుంచీ కూత పెడతన్నాడు. ఊపిరి తీసుకోడేటి?"

ఇరవై రెండేళ్ళుగా అది తనకొక్కడికే వినపడుతోందనుకున్నాడు పోలిరాజు. కాలిన అంచు లోపలికి మడిచి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"దాసీయ్," అన్నాడు. "ఎక్కడ దాసినావో నాకు సెప్పకు."