పక్కపక్కన పెట్టి చూసిన దాలయ్య మాస్టారు

కిందటి నెల ఒక సోమవారం మూడో పీరియడు నడుస్తుండగా మా బడి గుమస్తా వచ్చి పలాస నుంచి ఫోనుందన్నాడు. మాట్లాడింది కుమారి. దాలయ్య మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూటులో పని నేర్చుకుని, అక్కడే ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. "సార్, మాస్టారు పొద్దున్న ఎల్లిపోనారండి" అంది. ఎక్కడికి అని అడిగాను. ముప్పయ్యేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ మాటకు అర్థం తెలియక కాదు. తెలిసిన అర్థాన్ని మనసు లోపలికి రానివ్వలేదు. అవతల ఆ పిల్ల బావురుమంది. టెక్కలి బస్టాండుకు నడిచి, దొరికిన బస్సెక్కి, పలాసలో దిగేదాకా నా చేతిలో సుద్దముక్క అలాగే ఉందని గమనించలేదు.

సంస్మరణలు రాయడంలో నాకు చెయ్యి తిరిగింది. ఈ చుట్టుపట్ల ఏ పెద్దమనిషి కాలధర్మం చెందినా సంతాపసభకు నాలుగు పేజీలు నాచేతే రాయిస్తారు. వాటన్నిటినీ టైపు చేసింది దాలయ్య మాస్టారే. ఒకనాడు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటరు తెర మీద నా వ్యాసాలు రెండు తెరిచారు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. "ఇది నందిగాం కరణం గారిది. ఇది సోంపేట హెడ్మాస్టారిది. సదవండి పంతులు గారూ" అన్నారు. చదివాను. రెండింటిలోనూ అదే అజాతశత్రువు, అదే విద్యావారిధి, అదే తీరని లోటు. "పేర్లు మార్సీస్తే సరిపోద్ది. పోయినోళ్లందరూ ఒక్కలాగే ఉన్నారేటండి?" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వారం రోజులు నేను ఆయన మేడ మెట్లెక్కలేదు. ఎనిమిదో రోజున వెళ్తే ఏమీ జరగనట్టు టీ తెప్పించారు. కాబట్టి ఈ వ్యాసంలో ఆయన్ని అజాతశత్రువు అనను. నిజానికి ఆయన్ని తిట్టినవాళ్లున్నారు. ఆ తిట్లు ఎవరికి చెందాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే వాసన గుప్పుమనే వీధిలో, మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూటు. టైపు మిషన్ల కాలంలో ఏ విద్యార్థి చేరినా మొదటి పాఠం ఒకటే: "కన్ను ఎడమన, సెయ్యి కుడిన." ఎడమవైపు మూలప్రతి, కుడివైపు మిషను. మూలప్రతి మీద చెయ్యి పడకూడదు, మిషను మీదికి కన్ను పోకూడదు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. తోటివాళ్లు మిషన్లను పాత ఇనుముకు తూచేసి పాఠాలు కూడా మరిచిపోయారు. ఈయన మాత్రం ఆ పాఠాన్ని తెర మీదికి తెచ్చుకున్నారు. పైనున్న వరసలో 'విండో' అన్నచోట నొక్కి, రెండు ఫైళ్లను రెండు కిటికీలుగా పక్కపక్కన నిలబెట్టేవారు. పాతది ఎడమన, కొత్తది కుడిన. ఒకటి కిందికి జరిపితే రెండోది దాని వెంటే జరిగేది. ఏ కిటికీలో పని చేస్తున్నామో దాని తలకట్టు, అంటే ఫైలు పేరుండే పై పట్టీ, ముదురు నీలంగానూ, రెండోదాని తలకట్టు వెలిసినట్టుగానూ ఉంటుంది. ఒక్క అక్షరం కొట్టే ముందు ఆ ముదురు నీలం మీదున్న పేరు పైకి చదవాలి. ఇది ఆయన శాసనం. ఆడపిల్లలు "కొత్తది మాస్టారూ" అని చదివేవారు. ఆయన గదిలో ఏ మూలనున్నా "ఊఁ, కానీ" అనేవారు. అప్పుడే వేళ్లు కదలాలి. నాకది వట్టి చాదస్తంగా కనిపించేది. గుడ్డివాడు కర్ర తడుముకున్నట్టు ఇదేమిటని ఎగతాళి చేశాను కూడా.

మా ఇద్దరినీ ఒకచోట కట్టేసింది ఉద్దానంలో కిడ్నీ జబ్బు. కొబ్బరితోటల నడుమ చల్లగా కనబడే ఆ ఊళ్లలో, నిన్నటిదాకా జీడితోటకు కావలి తిరిగిన మనిషి కాళ్లు వాచి మంచాన పడేవాడు. ఎందువల్లనో చదువుకున్నవాళ్లే తేల్చలేకపోయారు. మంచినీళ్లు ఇవ్వమనీ, రక్తం శుద్ధిచేసే యంత్రం విశాఖపట్నంలో కాక మాకు దగ్గర్లో పెట్టమనీ ఏటేటా అర్జీ పెట్టేవాళ్లం. రాత నాది, టైపు ఆయనది. నా గంభీర సమాసాల వెనక ఆయన రెండు జాబితాలు జతచేసేవారు. కిందటేడు రోగుల పేర్లు ఒకటి, ఈ ఏటి రోగుల పేర్లు ఒకటి. "ఒక్క కాగితం ఏటైనా సెప్తాది పంతులు గారూ. రెండు పక్కపక్కన ఎడితే దాక్కోడానికి సోటుండదు" అనేవారు. ఎడమన ఉండి కుడిన లేని పేర్లున్నాయే, మా అర్జీ అంతా నిజానికి ఆ పేర్లే. మిగతాది నా పాండిత్యం.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. కిందటేడు ఒక అధికారి స్వయంగా వచ్చి వింటారని కబురొచ్చింది. దానికి ముందురోజు మాస్టారు ఏదో పనుందని విశాఖపట్నం వెళ్లారు. కుమారి పరీక్ష రాయడానికి వెళ్లింది. జాబితాలు రెండూ తెర మీద తెరిచే ఉన్నాయి. ఏడాదిలో చనిపోయినవాళ్ల పేర్లు ఊళ్లనుంచి చీటీలుగా వచ్చాయి. కొత్త జాబితాలోంచి వాటిని తీసెయ్యాలి, అంతే పని. ఈ మాత్రం దానికి మరొకరు కావాలా అని కూర్చున్నాను. తలకట్టు చదవలేదు. చీటీ చూసి ఒక్కొక్క పేరే వెతికి తీసేశాను. అన్నీ అయ్యాక చూస్తే కుడివైపు కిటికీలో ఆ పేర్లు అలాగే ఉన్నాయి. అప్పటిదాకా తీసింది ఎడమనున్న పాతదాంట్లోంచని తట్టక, యంత్రం నా మాట వినలేదనుకుని, విసుక్కుంటూ అక్కడా తీసేశాను. మార్పులు భద్రపరచమంటావా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. అచ్చు తీసుకుని, ఘనకార్యం చేసినవాడిలా ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు సోంపేటకు అవతల ఓ ఊరి బడిలో విచారణ. మాస్టారు విశాఖపట్నం నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. ఆ అధికారి మంచివాడే. మాస్టారు చెప్పే పద్ధతిలోనే కాగితాలు రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చదివారు. చదివి, "పాతదాంట్లో పేర్లన్నీ కొత్తదాంట్లోనూ ఉన్నాయి కదండీ. ఏడాదిలో ఎవరూ పోలేదన్నమాట. సంతోషమే కదా" అన్నారు. వెనక నుంచి ఒకాయన లేచి, "మాస్టారూ, బతికున్నోళ్లలోనూ మా అయ్య లేడు, పోయినోళ్లలోనూ లేడు. అసలు పుట్టనేదేటి?" అని అరిచాడు. దాలయ్య మాస్టారు కాగితాలు చూశారు. తర్వాత నాకేసి చూశారు. ఆ చూపులో కోపం ఉంటే ఈ రోజు ఇంత బాధ ఉండేది కాదు. లేచి చేతులు జోడించి, "టైపు నాది బాబూ. తప్పు నాది. పది రోజులు గడువిప్పించండి, దిద్ది తెస్తాను" అన్నారు.

నేను నోరు విప్పలేదు. శబ్దరత్నాకరమంతా నోటికొచ్చిన నాకు 'కాదు, నాది' అనే రెండు ముక్కలు దొరకలేదు.

బయట కొబ్బరిచెట్ల కింద ఎందుకలా చేశారని అడిగాను. "అర్జీ కింద సంతకం మీది. మీ మాట పోతే అర్జీ పోద్ది. టైపోడి తప్పంటే దిద్దుకోవచ్చు" అన్నారు. కాగితాలు మడుచుకుంటూ, "తలకట్టు సదివితే బాగుండేది" అన్నారు. అంతకు మించి జీవితంలో ఒక్క మాటా అనలేదు.

పాత ఫైలు పోయింది. ఫ్లాపీలో దాచిన నకలు ఉప్పుగాలికి బూజుపట్టి తెరుచుకోలేదు. అచ్చుకాపీ ఊళ్లలో చేతులు మారి ఎప్పుడో చిరిగిపోయింది. నేను చూసుకున్న చీటీల్లో పేర్లు తప్ప ఊరు, వయసు, జబ్బు ఎన్నాళ్లనుంచి అన్నవేవీ లేవు. కొన్నిటిలో పేరూ సరిగా లేదు. మాస్టారు సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగారు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. ఒక ఇంటి అరుగు మీద ఇంటావిడ జీడిపిక్కలు ఎండబెడుతోంది. మీ ఆయన పేరు పూర్తిగా చెప్పమ్మా అన్నారు మాస్టారు. మా పల్లెల్లో భార్య భర్త పేరు పలకదు. ఆవిడ తలెత్తి, "ఆయన పేరు నానెలగ సెప్పేదండి? పోయినేడు ఆయనే సెప్పినాడు గదా. ఈ అరుగు మీదే కూకోని మీరే రాసుకున్నారు గదా. ఏటి సేసినారు ఆ కాగితాన్ని?" అంది. "నావల్ల పోయిందమ్మా" అన్నారాయన. ఆవిడ లోపలికెళ్లి రేషన్‌కార్డు తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని ఇచ్చింది. అది చూసి ఆయన రాసుకున్నారు. నేను ఎండలో పిక్కల్ని చూస్తూ నిలబడ్డాను. దారిలో ఆయన రెండుచోట్ల సైకిలు దిగి ఆయాసపడ్డారు. వయసు మీద పడుతోందని హాస్యమాడాను.

పదో రోజుకు జాబితాలు సిద్ధమయ్యాయి, అర్జీ మళ్లీ వెళ్లింది. అక్షరదోషాలు చూసింది నేనే. కొత్త జాబితాలో చివర ఒక పేరు చేరింది: దాలయ్య, టైపు పని. ఉద్దానంలో ప్రతి ఊళ్లోనూ నలుగురు దాలయ్యలుంటారు. పక్కనున్న పని మీద నా కన్ను ఆగలేదు. వత్తులు, దీర్ఘాలు సరిగా ఉన్నాయని టిక్కు పెట్టి పేజీ తిప్పేశాను. ఆయన విశాఖపట్నం వెళ్లింది రక్తపరీక్షకని, డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడని, సైకిలు అసలే వద్దన్నాడని కుమారి నాకు చెప్పింది ఆ సోమవారం, శవం దగ్గర.

ఆ తిరుగుడే ఆయన్ని తొందరగా తీసుకుపోయిందా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. కాదంటాడేమోనన్న ఆశతో వెళ్లానని అప్పుడు తెలిసింది. తప్పు నాదని ఆ ఊళ్లవాళ్లకు చెబుదామని ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాను. అర్జీ ముగియనీ అనుకున్నాను, వానలు తగ్గనీ అనుకున్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ వాయిదా వేశాను. కర్మకాండ రోజున సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన, "మంచోడే గానీ, ఒక్కసారి మా అయ్య పేరు మింగీసినాడు" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన నాకేసి తిరిగి, "మరి ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు గదండి?" అన్నాడు. ఉన్నానన్నాను.

ఈ ఏటి అర్జీకి నిన్న కుమారి, నేను కూర్చున్నాం. ఆ అమ్మాయి రెండు కిటికీలు తెరిచింది. ఎడమన కిందటేటి జాబితా. అందులో చివర మాస్టారు తన వేళ్లతో కొట్టుకున్న తన పేరు. కుడిన కొత్తది. అందులోంచి ఆ పేరు తియ్యాలి. కుమారి కుర్చీలోంచి లేచింది. "నా వల్ల కాదు సార్" అంది. నేను కూర్చున్నాను. ముందుగా అర్జీ చివర ఒక వాక్యం కొట్టాను: కిందటేటి మొదటి జాబితాలో మృతుల పేర్లు పోవడానికి కారకుణ్ణి నేను, టైపిస్టు దాలయ్య గారి దోషం ఇందులో రవ్వంత కూడా లేదు. దాని కింద నా పూర్తి పేరు కొట్టాను. ఆయన ఎవరితో సమానుడో, ఎవరికంటే గొప్పవాడో నాకు తెలియదు. పక్కన పెట్టి చూడ్డానికి అలాంటి మనిషి నాకింకొకరు కనబడలేదు. ఆయనకు నా నమస్సులు.

తర్వాత జాబితాకు వచ్చాను. ముదురు నీలం తలకట్టు వెతుక్కుని, "కొత్తది మాస్టారూ" అని పైకి చదివాను. కీ మీద వేలు పెట్టి, "ఊఁ, కానీ" అన్న మాట కోసం ఆగాను. చాలాసేపు ఆగాను.