పైకొండ ఎక్కని సర్వేయరు

రాజాం బాప్టిస్టు చర్చి వీధిలో ఎజ్రా అంటే కొలతల మనిషి. తండ్రి అబ్రహాం జూట్‌మిల్లు కూలీ. ఎజ్రా ఐటీఐలో సర్వే నేర్చుకుని ఇళ్ల స్థలాలు, పొలం గట్లు కొలిచి బతికేవాడు. అతను పాతించిన హద్దురాయిని తగువులాడుకునే అన్నదమ్ములు కూడా ఒప్పుకునేవారు. ఆ మంచిపేరు మీదే 2013లో సీతంపేట కొండల్లో ఒక పని దొరికింది.

అక్కడి సవర గిరిజనుల గూడెం ఒకటి, తాము తరతరాలుగా కాపాడుకుంటున్న అడవి మీద సామూహిక హక్కు కోరుతూ అర్జీ పెట్టుకుంది. గూడెం వాళ్లతో కలిసి సరిహద్దంతా నడిచి, జీపీఎస్ మిషన్‌తో గుర్తులు తీసుకుని ఎజ్రా పటం గీయాలి. లక్ష్మణమ్మ అనే పెద్దావిడ ముందు నడిచి దారి చూపింది. ఏ చెట్టు మీద కత్తి పెట్టకూడదో, మేకల్ని ఎంతవరకు తోలవచ్చో గూడెంలో చెప్పేది ఆమే. వాళ్లు తాగే ఊట పైకొండ అడవిలో పుడుతుంది. అక్కడ విస్తళ్లు కుట్టే అడ్డాకులు, కొండచీపుర్లు కోసినా సగం వదిలేసి దిగుతారు.

మధ్యాహ్నానికి వాగు దగ్గరికి చేరేసరికి ఎజ్రా కాళ్లు బొబ్బలెక్కాయి. పైకొండకు ఇంకా రెండు గంటలు ఎక్కాలి. అతను మిషన్‌ను ఆకాశం వైపు ఎత్తి చూపించి, పైకి వెళ్లక్కర్లేదనీ, మిగతాది అదే గీసుకుంటుందనీ చెప్పాడు. లక్ష్మణమ్మ కాసేపు కొండకేసి చూసింది. చదువుకున్నవాడి మాట కదా అని వెనక్కి తిరిగింది. ఎజ్రా వాగునే హద్దుగా గీసి సంతకం పెట్టాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

నాలుగేళ్లకు ఒక గ్రానైటు వ్యాపారి, క్వారీ హద్దులు వెయ్యాలంటూ అతణ్ణి జీపులో అదే కొండకు తీసుకెళ్లాడు. ఎజ్రా చేతికిచ్చిన పటం విప్పి చూశాడు. అది తను గీసిందే. గూడేనికి హక్కు వాగు దాకానే వచ్చింది. పైన ఒక పక్క అప్పటికే చెట్లు కొట్టి దారి వేశారు. ఊటనీళ్లు ఎర్రగా దిగుతున్నాయి.

గూడెం జనం దారికి అడ్డంగా కూర్చున్నారు. లక్ష్మణమ్మ అతణ్ణి గుర్తుపట్టి గబగబా లేచి వచ్చింది.

"ఈ బాబే మాతోటి నడిసినాడు. పైకొండ మాదేనని ఈయనకి తెలుసు. సెప్పు బాబూ," అని చెయ్యి పట్టుకుంది.

అందరూ అతని నోటికేసే చూశారు. ఎజ్రా చెయ్యి విడిపించుకున్నాడు. ఒంట్లో బాగాలేదని గొణిగి జీపెక్కేశాడు. ఆ పని వదులుకున్నాడు గాని, నిజం మాత్రం నోటికి రాలేదు.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు అతనిది. వెళ్లలేదు. అన్నం కూడా గోడకేసి తిరిగి తిన్నాడు. భార్య శాంతి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"నాకు సెప్పీసి ఊరుకుంతావేటి? ఆళ్లకి కదా సెప్పాల," అంది.

మర్నాడు గూడేనికి వెళ్లాడు. లక్ష్మణమ్మ వాకిట్లో చీపుర్లు కడుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే అంతా చెప్పాడు. ఆమె చేతిలో చీపురు కట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది.

"అలిసిపోనావా?" అంది. "ఆ మాట అప్పుడే సెప్తే మోసుకెల్దుం కదా బాబూ."

చెప్పు తీసుకుని కొట్టినా ఎజ్రాకు అంత సిగ్గుగా ఉండేది కాదు.

పైకొండ సరిహద్దు తను నడవలేదనీ, పటం తప్పనీ రాసిచ్చాడు. గూడెం వాళ్ల అప్పీలు విచారణలో అందరి ముందూ అదే చదివాడు. క్వారీ ఆగింది. రెండో సర్వేకి వేరే మనిషి వచ్చాడు. ఎజ్రా గుంపు వెనకాల నడిచి మొదటిసారి పైకొండ ఎక్కాడు. ఊటకు ఎగువన కొట్టేసిన చెట్ల మొద్దుల మధ్య నడుస్తున్నంతసేపూ తలెత్తలేదు.

2019లో పైకొండతో సహా కొత్త హక్కుపత్రం వచ్చింది. ఊట మాత్రం ఎండాకాలంలో ఆగిపోతోంది. ఆడవాళ్లు బిందెలతో వాగుకు దిగుతున్నారు. రాజాంలో కొందరు ఎజ్రాను కొలతలకు పిలవడం మానేశారు. అది న్యాయమేనని అతనికీ అనిపించింది. చీపుర్లు అమ్మడానికి రాజాం వచ్చినప్పుడల్లా లక్ష్మణమ్మ ఎజ్రా ఇంటి గుమ్మం ముందు ఆగి, బాబు బాగున్నాడా అని అడుగుతుంది. శాంతి బాగున్నాడని చెబుతుంది. ఎజ్రా లోపలి గదిలోనే ఉంటాడు.