వాపసు టికెట్టు వచ్చేదాకా

నల్లగొండలో నెట్ సెంటర్‌కు పోయి నా విమానం టికెట్టు ప్రింటు తీయించుకొచ్చిన మా ఆయన, బస్సు దిగేసరికే ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. హైదరాబాదు నుంచి పోవడానికి ఉంది, రావడానికి లేదు. నెట్ సెంటర్ అతనితో మూడుసార్లు వెతికించాడట. "గింతే ఉన్నదన్నా, నేనేం దాసుకున్ననా?" అని అతను విసుక్కున్నాడట.

తెలంగాణ వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళయింది. మాది చిటికి పని చేసే ఇల్లు. నూలుకు అక్కడక్కడ రబ్బరు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. ఆ నూలు నేస్తే పువ్వులూ చిలకలూ వాటంతటవే తేలతాయి. నేత మా ఆయనది, కట్టడం నాది. ముందటి ఏడాది దక్షిణ కొరియా నుంచి ఒకామె మా ఊరికి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, వాళ్ళ ఊళ్ళో చిన్న నేత బడి నడుపుతుంది. రెండు రోజులు నా పక్కన పీట వేసుకుని కూర్చుని నా వేళ్ళనే చూసింది. పోతూ పోతూ, ఆరు వారాలు వచ్చి తమకు ఈ పని నేర్పాలని అడిగింది. పాస్‌పోర్టు తీసుకున్నాం, వీసా కాగితాలు వాళ్ళే పంపారు. అంతా సాఫీగా జరుగుతోందని నేను సంబరపడుతుండగా ఈ ఒంటి టికెట్టు వచ్చింది.

మా అత్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. చదువు రాదు గానీ మనుషులను చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరని ఆమె నమ్మకం.

"పోవుడు టికెట్ కొన్నోళ్ళకు వచ్చుడు టికెట్ కొన చాతగాదా? ఏందో మతలబున్నది బిడ్డా."

ఆ కొరియా ఊళ్ళో చదువుకునే తెలుగు పిల్ల ఒకతె మాకూ వాళ్ళకూ మధ్య మాటలు చేరవేసేది. మా ఆయన ఆమెకు ఫోన్ చేశాడు. "తర్వాత కొంటారట అంకుల్" అంది. ఆ 'తర్వాత' మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. అదే వారం హాలియా నుంచి మా ఆడబిడ్డ వచ్చి ఇంకో కథ చెప్పింది. వాళ్ళ ఇంటి పక్కాయన కంప్యూటర్ పని అని నమ్మి ఏదో దేశం పోతే, దిగంగానే పాస్‌పోర్టు గుంజుకున్నారట. "ఆయన గూడ గిట్లనే ఒక్క దిక్కు టికెట్ మీదనే పోయిండు వదినా" అంది, నా ముఖంలోకి చూస్తూ.

పోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాం, ఇప్పుడు మానుకుంటే పరువేం గాను? ఇంట్లో కూర్చుని ఒక ఉపాయం ఆలోచించుకున్నాం. ఆలోచించింది అత్తే.

"పనంత చేతికొచ్చినంక నీతోని వాళ్ళకేం పని? టికెట్ ఎందుకు కొంటరు? గింజ ముచ్చట మాత్రం చెప్పకు. వాపస్ టికెట్ నీ చేతిల పడ్డంకనే చెప్పు."

గింజ ముచ్చట అంటే ఇది. కాగితం మీది బొమ్మను బట్టి నూలు మీద గీతలు పెట్టుకుంటాం. అందరూ ఆ గీత దగ్గరే కట్టు మొదలుపెడతారు. కానీ రంగు ఊరికే ఉండదు, రబ్బరు కిందికి కొంత దూరుతుంది, బొమ్మ అంచు కరుగుతుంది. మా ఇంట్లో గీతకు బియ్యపు గింజంత అవతల, రంగు పట్టే వైపు నుంచి కడతాం. రంగు ఆ గింజంత మేర తిని, సరిగ్గా గీత దగ్గర ఆగుతుంది. మా చిలక ముక్కు సూదిలా ఉంటుందని షావుకార్లు మెచ్చుకునేది అందుకే. ఈ సంగతి మేము కన్న కూతుళ్ళకు కూడా చెప్పం, రేపు ఇంకో ఇంటికి పోయేవాళ్ళని. కోడలు వచ్చాక, ఆమె ఇక్కడే ఉంటుందని నమ్మకం కుదిరాక అత్త చెబుతుంది. నాకు చెప్పడానికి మా అత్త ఆరేళ్ళు తీసుకుంది.

శంషాబాదులో పాస్‌పోర్టు చూసే ఆఫీసరు కూడా మా అత్త అడిగిందే అడిగాడు. "వాపస్ టికెట్ ఏదమ్మా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను గూడ గదే అడుగుతున్న సార్. మీకు తెలిస్తే జర చెప్పుండ్రి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టి బడి వాళ్ళు రాసిన ఉత్తరాన్ని ఇద్దరు ముగ్గురు చదివారు. చివరికి ముద్ర కొట్టి పంపారు. అక్కడ దిగాక ఇంకో తంటా. వేళ్ళు గాజు మీద పెట్టమన్నారు. ముప్పై ఏళ్ళు రబ్బరు బిగించిన వేళ్ళు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మా ఊరి రేషన్ దుకాణంలో మిషనే నా వేళ్ళను గుర్తుపట్టదు, పరాయి దేశపు మిషన్ గుర్తుపడుతుందా? వేరే గదిలోకి తీసుకుపోయారు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. వాళ్ళు నన్ను దొంగను చూసినట్టు చూశారు, నేనూ వాళ్ళను అట్లాగే చూశాను. బయట తెలుగు పిల్లతో పాటు నిలబడ్డ ఆ పెద్దామె, నన్ను చూడగానే నడుము వంచి దండం పెట్టింది. ఇంత మర్యాద ఎందుకో అనుకున్నాను.

ఆరు వారాలూ ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఏదో ఆఫీసులో చూపించాలని పాస్‌పోర్టు అడిగితే ఇవ్వలేదు, నేనే పట్టుకుని వెంట పోయాను. నా కోసం కూర చప్పగా వండిస్తే ఇందులో ఏం కలిపారో అనుకున్నాను. కారం వేస్తే, నన్ను బుట్టలో వేసుకోవడానికే అనుకున్నాను. పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేను. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతున్నా పట్టించుకోకుండా, నేను ఎట్లా కూర్చుంటే అట్లా కూర్చుని, నేను ఎక్కడ కడితే అక్కడ కట్టింది. నేను గీత మీదే కట్టాను.

నాలుగు వారాలు దాటాక ఒకరోజు అన్నం దగ్గర ఆమె ఒక కవరు నా ముందు పెట్టింది. వాపసు టికెట్టు. తెలుగు పిల్ల వివరంగా చెప్పింది. "ముందే కొంటే తేదీ మార్చడం కష్టమట ఆంటీ. ఇంటి మీద బెంగ పెట్టుకుంటే మీరు మధ్యలోనే పోవచ్చు, నచ్చితే ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు అని కొనకుండా ఆగారట. మీకు ఎట్లా వీలైతే అట్లా ఉండాలని."

చెప్పడానికి ఇంకా పది రోజులున్నాయి. గింజ చూపించడానికి పది నిమిషాలు చాలు. కానీ చూపిస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదని అడుగుతారు. ఏమని చెప్పను? మీరు నన్ను అమ్ముకుంటారేమోనని అనుకున్నానని చెప్పనా? రేపు, ఎల్లుండి అనుకుంటూనే విమానం ఎక్కేశాను. అత్త చెప్పిన గడువు కవరు చేతిలో పడగానే తీరింది. ఆ తర్వాతి పది రోజులు నావే, వాటికి అత్తను అనడానికి లేదు.

ఎనిమిది నెలలకు పార్శిల్ వచ్చింది. ఆమె కట్టి, ఆమె అద్ది, ఆమె నేసిన దుప్పటి. నిండా చిలకలు. ఒక్కదానికీ ముక్కు లేదు, నీళ్ళు పడిన సిరాలా అంచులన్నీ అలికిపోయాయి. లోపల ఉత్తరం ఉంది. తెలుగు పిల్ల ఫోన్‌లో చదివి చెప్పింది. "మీరు నేర్పినట్టే మూడుసార్లు చేశానని రాశారు ఆంటీ. మీ ఊళ్ళో చూసిన చిలకల్లా రాలేదట. మీ మాట నేను సరిగ్గా పట్టుకోలేదు, తప్పు నా చేతిది, క్షమించండి అని రాశారు."

మా ఆయన దుప్పటిని వెలుగుకు పట్టి చిలకల అంచులు వేలితో తడిమాడు. నాకు సిగ్గేసింది.

ఆ పిల్లతోనే ఆమెకు వీడియో కాల్ చేయించాను. తప్పు మీ చేతిది కాదు, నేను కావాలనే తక్కువ నేర్పాను అని చెప్పాను. పిల్ల ఆ మాట తిప్పి చెప్పడానికి జంకింది, ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. పెద్దామె విని తల ఊపింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మర్నాడే గీతకు గింజంత అవతల నుంచి కట్టిన నూలు లడి ఒకటి, పక్కన గీతలు గీసిన కాగితం పెట్టి పోస్టులో పంపాను.

నెల తర్వాత తెలుగు పిల్ల ఫోన్ చేసింది. లడి చేరిందట. పెద్దామె దాన్ని ఇంకా రంగులో ముంచలేదట. బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, నేను కట్టిన ఒక్కో ముడినీ కొలిచి చూస్తోందట. నన్ను నమ్మి, నేను ఎక్కడ కడితే అక్కడ కళ్ళు మూసుకుని కట్టిన మనిషి.

"ఎన్నిసార్లు కొలిచింది బిడ్డా?" అని అడిగాను.

"ఇది రెండోసారి ఆంటీ" అంది.