ఫ్రిజ్‌లో చోటు లేని సోడా

"సోడా మామ పోయినాడు పాపా" అని నాయన ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు నుంచి ఇంటికి వస్తున్న రైల్లో ఉన్నాను. అప్పుడే టేకల్ దాటింది. "మధ్యాన్నం అన్నం తిని పండుకున్నాడు. ఇంగ లేయలే." నాయన వెనక మా అంగడి ఫ్రిజ్ గుర్రుమంటూ వినబడింది. ఆ వేళ ఆ చప్పుడు నా చెవిన పడకుండా ఉంటే బాగుండేది.

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో గని కార్మికుల పాత లైను ఇళ్లలో మామది మా పక్క ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ల నాయనా, మా తాతా చిత్తూరు వైపు పల్లెల నుంచి గనుల్లో పనికి వచ్చి, ఒకే గోడకు అటూ ఇటూ కాపురం పెట్టారు. ఆ గోడే చుట్టరికం. గనులు మూతపడ్డాక మామ ఇంటి వెనక రేకుల కింద గోలీసోడా మిషను పెట్టాడు. గ్యాసు పట్టి చక్రం తిప్పితే సీసాలోని గోలీ ఎగిరి గొంతు దగ్గర బిగుసుకునేది. నింపిన ప్రతి సీసానూ మామ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

"ఏం చెప్తా ఉండాది మామా?" అని అడిగేదాన్ని.

"నన్ను తాగమంటా ఉండాది. దుడ్డు మాత్రం మీ నాయన్ని అడగమంటా ఉండాది."

పొద్దున్నే సైకిలు మీద పెట్టె కట్టుకుని అంగళ్లకు వేసేవాడు. "తేపు రాకుంటే దుడ్డు వాపసు!" అన్నది ఆయన కేక; ఒక్క గుక్కకే త్రేన్పు రావాల్సిందే. గని మట్టి దిబ్బల మీది దుమ్ము గాలికి లేచే ఎండాకాలంలో ఆ సోడా కోసం జనం మా అంగడి ముందు నిలబడేవాళ్లు. వాళ్లలో ఒక్కరు కూడా దుడ్డు వాపసు అడగ్గా నేను చూడలేదు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక కూల్‌డ్రింకుల కంపెనీ తరఫు మనిషి వ్యాను మీద ఎర్ర ఫ్రిజ్ తెచ్చి మా అంగట్లో దించాడు. మరుసటి పొద్దున మామ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం బావా, కొత్త అల్లుణ్ని తెచ్చి వాకిట్లో నిలబెట్టినావే!"

"ఊరికే ఇచ్చినారు బావా. కరెంటు ఒకటే మనది" అన్నాడు నాయన.

"ఏమీ అడగని అల్లుడు యాడుంటాడప్పా? ఏమడిగినాడు?"

నాయన తల దించుకున్నాడు. "లోపల వాళ్ల సరుకే పెట్టాలంట. అంగట్లో ఇంగో సోడా అమ్మకూడదంట."

మామ నవ్వి పెట్టెను మళ్లీ సైకిలుకు ఎక్కించాడు. పక్క అంగట్లోనూ ఎర్ర ఫ్రిజ్ దిగి ఉంది. నాయన నాతో అన్నదొకటే: "నేను వద్దంటే వాడు తీసుకుంటాడు, ఇంగ మన అంగడికి ఎవరొస్తారు?" పక్క అంగడాయన కూడా సరిగ్గా ఇదే అనుకున్నాడు. ఒకరినొకరు అడిగి ఉంటే ఏమయ్యేదో. ఎవరూ అడగలేదు. మొదట్లో కంపెనీ చిన్న సీసాను గోలీసోడా ధరకే అమ్మింది. గోలీసోడా అంగళ్లలో కనబడకుండా పోయాక ధర పెంచింది.

అయినా మామ రావడం మానలేదు. రోజూ ఒక్క సోడా తెచ్చి నాయన చేతిలో పెట్టేవాడు. "ఇది అమ్మేదానికి కాదు బావా, నువ్వు తాగేదానికి. దీన్ని నీ అల్లుడు అడ్డుకోడు కదా?" నాయన దాన్ని ఫ్రిజ్ పక్కన నీళ్ల బకెట్లో, తడి గోనెపట్ట కింద ఉంచేవాడు.

ఆ ఫ్రిజ్ సంపాదనతోనే నేను కాలేజీకి వెళ్లాను. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. అర్థశాస్త్రంలో, పెద్ద సంస్థ తన బలంతో చిన్నవాళ్లకు మార్కెట్ దారి ఎలా మూస్తుందో చెప్పే పాఠం వచ్చినప్పుడు నాకు ఎర్ర ఫ్రిజ్ కనబడింది. ఆ సెలవుల్లోనే మామ దగ్గరికి వెళ్లాను. దీనికి చట్టం ఉందనీ, ఢిల్లీలో ఇలాంటివి విచారించే కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చనీ, నేనే రాసిస్తాననీ చెప్పాను. మామ చేతులు తుడుచుకుని శ్రద్ధగా విన్నాడు.

"సాక్షి ఎవురమ్మా?"

"నాయన."

"అప్పుడు ఫ్రిజ్ ఎత్తుకపోతారు కదా?"

నేను అవునన్నట్టు తల ఊపాను.

"అయితే వద్దులే పాపా. నీ తమ్ముడు ఇంకా చదవాల. కంపెనీతో పోట్లాడేదానికి నాకేం భయం లేదు. బావ అంగడి మీద నిలబడి పోట్లాడేది నా చేత కాదు."

ఇంకొక్క మాట అడగాల్సింది. వేరే ఊరి అంగడివాళ్లను సాక్షులుగా వెతుకుదామని అనాల్సింది. అనలేదు. బయటికి రాగానే నా గుండె మీది బరువు దిగిపోయినట్టయింది. ఇప్పుడు నేను బెంగళూరులో పిల్లలకు అదే పాఠం చెబుతాను. ఉదాహరణ అడిగితే వేరే సరుకులు, వేరే ఊళ్లు చెబుతాను. మామ సోడా ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

తర్వాత మామ పెళ్లిళ్లకూ జాతరలకూ మాత్రమే మిషను తిప్పాడు. నాయనకిచ్చే ఒక్క సోడా మాత్రం ఆగలేదు. పోయిన రోజు పొద్దున కూడా తెచ్చిచ్చాడు.

మామను మట్టి చేసి వచ్చిన మరునాడు అంగట్లోకి వెళ్లాను. సోడా బకెట్లో అలాగే ఉంది. గోనెపట్ట మీదికి ఎండ పాకుతోంది.

"ఫ్రిజ్‌లో పెట్టు నాయనా, ఎవరేమంటారు" అన్నాను.

"ఆయన బతికుండంగ పెట్టనోణ్ని, ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని పెట్టేది?"

"పోనీ, తాగెయ్."

ఆ గోలీని నొక్కి కిందికి దించితే మళ్లీ పైకి ఎక్కించేవాళ్లు మా లైన్లో లేరు. నాయన వంగి బకెట్‌ను నీడలోకి జరిపాడు. చెంబుతో నీళ్లు తెచ్చి గోనెపట్ట తడిపాడు. సీసా మెడ దగ్గర పచ్చటి గోలీ ఇంకా బిగువుగా నిలబడే ఉంది.