ఆడవాళ్ళ బ్యాచ్

గ్రేటర్ నోయిడాలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నప్పుడు, మా హాస్టల్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సొసైటీలో, పిల్లల క్రెష్‌లో పనిచేసేదాన్ని. కాలేజీ అవగానే బస్సెక్కి వెళ్ళి, అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి. పాలు తాగించడం, బొమ్మలు వేయించడం, జుట్లు పట్టుకుంటే విడదీయడం. నా చిల్లర ఖర్చులకి ఇంట్లో అడగాల్సిన పని ఉండేది కాదు. అంతకంటే నాకేమీ అక్కర్లేదు కూడా.

ఏప్రిల్లో ఒక సాయంత్రం క్రెష్ నడిపే దీదీ పిల్లల నీళ్ళ సీసాలు కడుగుతూ అడిగింది. "ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో పొద్దున్నపూట ఆడవాళ్ళకి బ్యాచ్ పెడుతున్నారు. కోచ్ మగాయన. గట్టు మీద నుంచి చెప్తాడు గానీ, నీళ్ళలో దిగి పక్కన నిలబడడానికి ఒక అమ్మాయి కావాలట. మీ కాలేజీలో ఈత వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నాకొచ్చు దీదీ," అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. నేను నీళ్ళలో దిగి ఏడెనిమిదేళ్ళయింది.

మా నాన్న గోదావరి కాలవ లాకుల దగ్గర లస్కరు. కాలవలో నీటిని బట్టి లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మా క్వార్టర్ వెనక తలుపు తీస్తే కాలవ గట్టే. నేను బళ్ళో చేరిన కొత్తలో నాన్న రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో జతగా కట్టి, నా చంకల కింద పెట్టి రేవులో దింపాడు. కొన్నాళ్ళకి చెప్పకుండా ఒక కాయ తీసేశాడు. ఇంకొన్నాళ్ళకి రెండోది కూడా తీసేశాడు. ఆ తర్వాత నన్ను నీళ్ళలోంచి బయటికి లాగడమే ఇంట్లో అందరికీ పెద్ద పనైపోయింది. వరద రోజుల్లో కాలవ ఎర్రగా వచ్చేది. ఒళ్ళంతా ఒండ్రు వాసనతో అన్నానికి కూర్చుంటే అమ్మ తిట్టేది.

నేను పెద్దమనిషినైన ఏడు ఆ ఈత ఆగిపోయింది. "ఇక చాలు," అంది అమ్మ. నానమ్మ అవునంది. నాన్న ఏమీ అనలేదు. అప్పట్నుంచి రేవు మెట్ల మీద కూర్చుని కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టుకునేదాన్ని. నాతో చదివే మగపిల్లలు వంతెన మీంచి దూకుతుంటే చూసేదాన్ని. వాళ్ళలో సగం మందికి నేనే ఈత నేర్పాను.

దీదీ నా సంగతి చెబితే కోచ్ నాకు ఆదివారం దాకా గడువిచ్చాడు. ఎలా చూసుకున్నా ఆ పని నాకు కుదిరేది కాదు. పొద్దున్నే లేచి సొసైటీకి పరిగెత్తాలి, తడి జుట్టుతో మొదటి క్లాసుకి అందుకోవాలి, సాయంత్రం మళ్ళీ పిల్లల దగ్గరికి పోవాలి. ఇక చదువుకునేదెప్పుడు? నా రూమ్మేట్‌ది కర్నూలు వైపు. విని మంచం మీంచి లేచి కూర్చుంది. "నీకేమన్నా పిచ్చా? ఉండే పనికే నిద్ర సాలక క్లాసులో తూగుతాండావ్. ఇంగోటి నెత్తినేసుకుంటావా? డబ్బు అంత అవసరమా?"

"డబ్బుకి కాదే," అన్నాను.

"మరి దేనికి?"

నేను లైటు ఆర్పేశాను.

అమ్మకి ఫోన్ చేస్తే ఇంకోలా అయింది. "చదువుకోడానికి పంపించామా, పనులు చెయ్యడానికి పంపించామా? అయినా ఆ ఈత బట్టలేసుకుని అందరి ముందూ..."

"అందరూ ఆడవాళ్ళేనమ్మా. కాళ్ళ దాకా ఉండే డ్రెస్సే వేసుకుంటారు."

"కోచ్ మగాడన్నావుగా?"

ఆయన గట్టు మీదే ఉంటాడన్నాను. అమ్మ చేతిలోంచి ఫోన్ నాన్న తీసుకున్నట్టున్నాడు.

"లోతెంత తల్లీ?"

"నాలుగడుగుల నుంచి ఆరు దాకా, నాన్నా."

"నీళ్ళు పారతాయా?"

"పారవు."

"ఊఁ," అన్నాడు. తర్వాత, "అమ్మతో నేను మాట్లాడతాలే," అన్నాడు. ఈత ఆగిపోయిన తర్వాత ఆ విషయం మా ఇద్దరి మధ్యా రావడం అదే మొదటిసారి.

అప్పటికీ నేను ఒప్పుకోవాలని అనుకోలేదు. ఒకసారి చూసి, కుదరదని చెప్పి వచ్చేద్దామనే శనివారం వెళ్ళాను. కోచ్ యాభై దాటిన హర్యానా ఆయన, మెళ్ళో ఈల. "దిగు బేటా, ఈది చూపించు," అన్నాడు. దీదీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన డ్రెస్ వేసుకుని దిగాను. చన్నీళ్ళు, ముక్కులోకి క్లోరిన్ వాసన. తల ముంచగానే సొసైటీలోని చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. తల పైకి తీశాక చేతులు, కాళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. అటు గోడ తాకి ఇటు వచ్చేసరికి కోచ్ నవ్వుతున్నాడు.

"ఇదేం ఈత? తల పైకెత్తి ఈదుతున్నావేంటి?"

కాలవలో ఎదురుగా గుర్రపుడెక్క కొట్టుకొస్తుంది, పడవలొస్తాయి, తల దించితే ఎలా అని నాకొచ్చిన హిందీలో చెప్పబోయాను. సగంలో ఆపేశాను.

ఆయన అటు తిరిగినప్పుడు వెల్లకిలా పడుకుని ఒళ్ళు వదిలేశాను. కాలవలో అలా వదిలేస్తే నీళ్ళే వంతెన దాకా తీసుకుపోయేవి. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. తెరిచేసరికి వదిలిన చోటే ఉన్నాను. కాలవ మీద అంత బెంగ ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. అయినా బయటికొచ్చి తుడుచుకుంటూ, "సోమవారం నుంచి వస్తాను సర్," అని చెప్పేశాను.

బ్యాచ్‌లో అందరూ నాకంటే పెద్దవాళ్ళే. అందులో ఒకావిడ మొదటి రోజే, నేను ఫోన్‌లో అమ్మతో మాట్లాడడం విని, "మనవాళ్ళేనా? ఏ ఊరమ్మా?" అని దగ్గరికొచ్చింది. కృష్ణా జిల్లా ఆవిడ. సెంట్రల్ గవర్నమెంట్‌లో ఆఫీసరు. ఢిల్లీ వచ్చి పాతికేళ్ళు దాటిందట. "మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో ఇస్తారు. నువ్వైనా నాతో తెలుగులో మాట్లాడు," అంది.

ఆంటీకి నీళ్ళంటే చచ్చేంత భయం. గోడ పక్కన ఉన్న కమ్మీ పట్టుకుంటే వదిలేది కాదు. మిగతావాళ్ళు కాళ్ళు కొట్టడం, మునగడం నేర్చేసుకున్నా ఆవిడ మెట్ల దగ్గరే ఉండిపోయింది. అయినా ఒక్క రోజు మానలేదు.

"ఇంత భయమైతే ఎందుకొచ్చారాంటీ?" అని అడిగేశాను ఒకరోజు.

ఆవిడ నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. "మా ఊళ్ళోనూ కాలవుండేది. మా అన్నయ్యలిద్దరూ దూకేవాళ్ళు. వాళ్ళ చొక్కాలు తడవకుండా పట్టుకుని నేను గట్టు మీద నిలబడేదాన్ని. నన్ను దిగమన్నవాళ్ళు లేరు. దిగుతానని అడగాలని నాకూ తోచలేదు. ఇప్పుడు నా గదిలో కూర్చుని ఫైళ్ళు చూస్తుంటే, ఉన్నట్టుండి ఆ చప్పుడు వినిపిస్తుందమ్మా. వాళ్ళు దూకిన చప్పుడు."

నాకు కనీసం దిగిన రోజులున్నాయి కదా అనిపించింది.

ఆ మర్నాటి నుంచి కోచ్ చెప్పే పద్ధతి పక్కన పెట్టి, ఆవిడ నడుం కింద చెయ్యి వేసి వెల్లకిలా పడుకోబెట్టడం మొదలుపెట్టాను. ఆకాశం చూడమన్నాను. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయేది. వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న ఆ బిగువు కాస్త సడలింది.

"వదిలెయ్యనా ఆంటీ?"

"వద్దు... వద్దు... అచ్ఛా, వదులు."

వదిలేశాను. ఆవిడ తేలింది. ఆవిడకి అది వెంటనే తెలియలేదు. తెలిశాక నోరు తెరిచి నవ్వింది, నీళ్ళు మింగింది, దగ్గుతూ నా మెడ పట్టుకుని నిలబడింది. బ్యాచ్ అంతా చప్పట్లు కొట్టింది. బట్టలు మార్చుకునే గదిలో ఆంటీ, "మా అన్నయ్యలకి ఇవాళే ఫోన్ చెయ్యాలి," అంది.

రూమ్మేట్ అన్నంతా అయింది. మొదటి క్లాసు చాలాసార్లు పోయింది. హాజరు తగ్గిందని మా డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిచి కోప్పడ్డారు. ఆగస్టులో ఒక సాయంత్రం క్రెష్‌లో పిల్లల్ని నిద్రపుచ్చుతూ వాళ్ళ పక్కనే నేనూ నిద్రపోయాను. దీదీ లేపితే గానీ లేవలేదు. ఆవిడ తిట్టలేదు. "రెండూ నీ వల్ల కాదు. ఏదో ఒకటి ఎంచుకో," అంది.

ఎవరినడిగినా క్రెష్ ఉంచుకోమనే చెప్పేవారు. అది ఏడాది పొడుగునా ఉండే పని, జీతమూ ఎక్కువే. పూల్ చలికాలంలో మూసేస్తారు. అన్నీ తెలిసే నేను క్రెష్ మానేశాను. చివరి రోజు ఒక బుడ్డది నా చున్నీ వదలకుండా ఏడ్చింది. దీదీ దాన్ని ఎత్తుకుంటూ, "మా పిల్లల కంటే నీకు ఆ నీళ్ళే ఎక్కువైపోయాయా?" అంది నవ్వుతూనే. నేను నవ్వలేకపోయాను.

సెప్టెంబరు నెలాఖరుకి పూల్ మూసేశారు. ఆ చలికాలంలోనే ఆంటీకి విశాఖపట్నం బదిలీ అయింది. సామాన్లు సర్దుతూ నన్ను భోజనానికి పిలిచింది. గోంగూర పచ్చడి కలిపిన ముద్దలు పెడుతూ, "అక్కడ సముద్రమే ఉందమ్మా," అని పదే పదే అంది.

తర్వాతి ఏప్రిల్‌లో కోచ్ ఫోన్ చేశాడు, మళ్ళీ వస్తావా అని. నాకు నోయిడాలో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. పొద్దున్నే బస్సెక్కాలి. కుదరదన్నాను. ఆ వేసవంతా బస్సు ఆ సొసైటీ గోడ పక్కనుంచే పోయేది. కిటికీ తెరిచి ఉంటే ఈల వినపడేది, వెంటనే ఆడవాళ్ళ నవ్వులు. ఎవరో కొత్త అమ్మాయి దొరికి ఉంటుంది. సీట్లో కూర్చున్నా నా భుజాలు కదలాలని చూసేవి.

ఇప్పుడు ఢిల్లీ పక్కన వైశాలిలో అద్దెకుంటూ మెట్రోలో ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. మా బిల్డింగ్‌లో పూల్ లేదు. మొన్న ఆంటీ ఫోన్ చేసింది.

"రోజూ పొద్దున్నే బీచ్‌కి వెళ్తున్నానే. మోకాళ్ళ దాకా దిగుతాను, అంతే. అలలు లాగేస్తాయని గార్డులు లోపలికి పోనివ్వరు. మా ఆఫీసు దగ్గర ఒక పూల్ ఉందిట గానీ ఆడవాళ్ళకి వేరే బ్యాచ్ లేదుట. అడుగుతున్నాను. వాళ్ళు పెడితే నువ్వోసారి రారాదూ? నాతోపాటు దిగుదువు గాని."

"వస్తానాంటీ," అన్నాను.

ఎప్పుడని ఆవిడ అడగలేదు. ఫోన్ పెట్టేశాక సెలవులు ఎన్ని మిగిలాయో ఆఫీసు యాప్‌లో తెరిచి చూశాను.