రెండు కుట్లు ఎక్కువ

రెండు కుట్లు. వాటికి బరువేముంటుంది? ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది మాత్రం వాటినే. ఇంట్లో కూడా చెప్పలేదు. మీతో చెబుతున్నాను.

తొంభైల చివర, హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తున్న రోజులు. కొండాపూర్‌లో నాది చిన్న రఫూ దుకాణం. చిరుగు కనబడకుండా దారంతో అల్లడం, పాత శాలువాలు శుభ్రం చేయడం నా పని. హఫీజ్‌పేట్ నుంచి ఒక పెద్దావిడ, అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం, దుమ్ము పట్టిన ఊలు శాలువా తెచ్చింది. దాని మీద పువ్వులన్నీ వాళ్లమ్మ చేత్తో కుట్టినవి.

నీడలో తెల్లగుడ్డ పరిచి, శాలువాను తిరగేసి, మెత్తటి బ్రష్‌తో దులిపాను. బడి నాలుగో తరగతితో ఆగినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కనబడినదల్లా లెక్కపెట్టనిదే నాకు తోచదు. ఒక పువ్వుకు అరవై నాలుగు కుట్లు. పక్కదానికీ అంతే. ముప్ఫై పువ్వులు చూశాను, ఒక్క కుట్టు తేడా లేదు. గుడ్డ మీద గీత లేదు, గుర్తు లేదు. ఒళ్లు జలదరించింది. మనిషి చేతికి ఇది సాధ్యమా?

మూలనున్న చివరి పువ్వుకు అరవై రెండే ఉన్నాయి. ఊడిపోయాయనుకున్నాను. అడగాల్సింది. అడగలేదు. అదే రంగు దారం వెతికి ఆ రెండూ కుట్టి, లెక్క సరిపోయిందని ఒక పూటంతా సంతోషపడ్డాను.

ఖాలా వచ్చి శాలువా ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని ఆ మూల వేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"గీడ జర సందుండాలె బేటా. అమ్మీకి చూపు పోయినంక కుట్టిన పువ్వు ఇది. ఏమన్న జేసినవా?"

"ఏం జెయ్యలే ఖాలా. దుమ్ము దులిపిన, అంతే."

ఆమె తన వేలిని చూసుకుని నవ్వింది. "అయితే నా వేలే ముసల్దయింది. అమ్మీ వేలే నయం, కండ్లు లేకున్నా."

అప్పుడే నిజం చెప్పి ఉంటే, ఆ రెండు కుట్లు విప్పడానికి నిమిషం పట్టేది కాదు. ఎందుకు చెప్పలేదు? దుకాణం పేరు పోతుందనా, నా లెక్క తప్పిందని ఒప్పుకోలేకనా? తెలియదు. ఆమె తన వేలినే అనుమానిస్తూ వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ రాలేదు.

చీకట్లో ఆ తల్లి అరవై రెండు కుట్లు సరిగ్గా వేసింది. తలచుకుంటే ఇప్పటికీ చేతులు వాటంతటవే దండం పెడతాయి. కళ్లున్న నాకు కనబడింది, లేని ఆ రెండే.

ఖాలా, మీ వేలు తప్పు చెప్పలేదు. ఆ రెండు కుట్లు నావి.